లేని చోట చేరిన నీళ్ళు

ఫిబ్రవరి 9, కోవిల్పట్టి

మహాజనులారా, క్షమించండి. ఈ డైరీ చదివేవాడు నేను తప్ప ఇంకొకడు లేడు కనుక మహాజనులంటే ఇక్కడ నేనే. అయినా క్షమాపణ అనేది నలుగురి ముందు చెప్పినట్టు ఉంటేనే అందం.

మొదట గ్రీకులకు క్షమాపణ. వాళ్ళ మాటల్ని తెచ్చి నీట్ కోచింగ్ పిల్లల నెత్తిన సుద్దముక్క పొడిలా రాలుస్తున్నందుకు. తర్వాత తిరుపతి వాళ్ళకు. అక్కడ ఎమ్మెస్సీ చదివిన రెండేళ్ళూ నా మాట విని నవ్వి నవ్వి అలిసిపోయినందుకు. మా అమ్మవారు మారియమ్మకు, ఆమె ఉందని నేను నమ్మనందుకు. జంతుశాస్త్రానికి, అది ఉందని మా ఇంట్లో ఎవరూ నమ్మనందుకు. నేను చేసిన నేరమంటూ ఇప్పటికి ఒక్కటీ లేదు. చేసిన రోజున తప్పకుండా రాస్తాను.

ఇంకో మాట. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, తెలుగు చదవడం ఒక్కరికీ రాదు. నాకు తిరుపతి బస్సు బోర్డులు నేర్పాయి. ఈ పుస్తకాన్ని వాకిట్లో ఆరేసినా భయం లేదు.

ఈరోజు పాఠం సీలోమ్. శరీరంలో గోడకీ పేగులకీ మధ్య ఉండే ఖాళీ. "గ్రీకులో బోలుగా ఉన్నది, గుంట అని అర్థం" అని గంభీరంగా చెప్పాను. ముందు బెంచీ శివరంజని చెయ్యెత్తింది. "గుంటంటే, పూడ్చే గుంటా సార్?" క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

నాయినకు దగ్గు తగ్గలేదు. పడుకుంటే ఊపిరాడదని గోడకానుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. రేపు విరుదునగరం తీసుకెళ్ళాలి.

ఫిబ్రవరి 10

ఎక్స్‌రేలో కుడివైపు ఊపిరితిత్తి సగం లేదు. ఉంది కానీ తెల్లటి మసక కింద మునిగిపోయి ఉంది. డాక్టర్ సంగవికి నాకన్నా రెండు మూడేళ్ళు ఎక్కువుంటాయేమో. నేను జువాలజీ అని తెలిసి పెద్ద మాటలన్నీ నాకే చెప్పింది. ప్లూరల్ ఎఫ్యూజన్. ఊపిరితిత్తి చుట్టూ రెండు పొరలుంటాయి, వాటి మధ్య నీరు చేరింది.

బస్సులో నాయిన అడిగాడు. "ఏమంటుంది సారూ ఆ యమ్మ?" నాకు ఉద్యోగం వచ్చినప్పటినుంచీ ఆయనకు నేను సారునే.

"పక్కలో, నెంజు లోపల ఊపిరితిత్తి చుట్టూ నీళ్ళు చేరిండాది నాయినా."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ముప్పై ఏళ్ళు నీళ్ళ లారీ తోలిన మనిషి. కోవిల్పట్టిలో ఏ వీధిలో ఎన్ని బిందెలు వరసలో ఉంటాయో నిద్రలో కూడా చెప్పగలడు.

"ఊరంతా నీళ్ళు లేదని అల్లాడతా ఉంటే, నా నెంజులో ఎవురురా బోరు ఏసింది?"

సాత్తూరు దాకా నవ్వుకున్నాం. తర్వాత ఆయనకు దగ్గు వచ్చింది.

ఇంటికొచ్చి వెతికాను. ప్లూరా అంటే గ్రీకులో పక్క, పక్కటెముక. అంతే. ఆ మహా పండితులు కోసి చూసి, తలగోక్కుని, చివరికి పెట్టిన పేరు "పక్క". మా అవ్వ సీనియమ్మాళ్ నెల రోజుల కిందటే "వాడికి పక్క నొస్తాదంట" అంది. అవ్వకు ఒక కిరీటం బాకీ.

కానీ అవ్వకు ఈ ఖాళీ సంగతి చెప్పడం నా వల్ల కాలేదు.

"ఆ రెండు పొరలూ ఒకదాని మీద ఒకటి అతుక్కొని ఉంటాయవ్వా. మంచిగా ఉన్నోడికి ఆడ చోటే ఉండదు. నీళ్ళు చేరితేనే చోటు."

"లేని చోట నీళ్ళెట్ల చేరతాదిరా?"

"చేరినాకనే చోటు అవుతాది."

అవ్వ అమ్మ వైపు తిరిగింది. "వళ్ళీ, నీ కొడుకు సదువుకొని సదువుకొని ఇట్లయిపోయినాడు."

ఫిబ్రవరి 12, విరుదునగరం

నీళ్ళు తీశారు. నాయినను మంచం అంచున కూర్చోబెట్టి, ముందుకు వంచి, వీపులో పక్కటెముకల మధ్య సూది పెట్టారు. ఆయన చేతులు పట్టుకోవడానికి నన్ను లోపల ఉండమన్నారు. గొట్టంలోంచి సీసాలోకి తేనె రంగు నీళ్ళు దిగాయి, కొంచెం ఎరుపు కలిసి. ఎండకి నాకు కాస్త కళ్ళు తిరిగాయి. అంతే.

తర్వాత నాయిన నిండుగా ఊపిరి పీల్చి, అది ఎవరో కొత్తగా కొనిచ్చినట్టు ముఖం పెట్టాడు. ఆస్పత్రి బయటకు రాగానే నూనె పరోటా కావాలన్నాడు. విరుదునగరం వచ్చి నూనెలో మునిగిన పరోటా తినకుండా పోతే ఆ ఊరు శపిస్తుందని ఆయన సిద్ధాంతం. తిన్నాడు. నాది కూడా తిన్నాడు.

"నీకు వద్దా సారూ? ముఖం సున్నం కొట్టినట్ల ఉండాది."

"ఎండ నాయినా."

ఫిబ్రవరి 13

నాయిన రాత్రంతా నిద్రపోయాడట. పడుకుని.

ఫిబ్రవరి 24

రిపోర్టు వచ్చింది. ఆ నీళ్ళలో ఉండకూడని కణాలు ఉన్నాయి. వాటి పేరు నాకు తెలుసు. రాయను. పాఠంలో వచ్చినప్పుడు చాలాసార్లు బోర్డు మీద రాశాను, అందంగా, కింద గీత కూడా గీసి.

అమ్మకు "ఇన్‌ఫెక్షన్" అని చెప్పాను. నాయినకు ఏమీ చెప్పలేదు. ఆయన అడగలేదు.

మార్చి 2

మళ్ళీ గోడకానుకునే.

మార్చి 4, విరుదునగరం

డాక్టర్ సంగవి నాయినను బయట కూర్చోబెట్టి నాతో మాట్లాడింది. జబ్బును నయం చేయలేమంది. ఊపిరి ఆడేట్టు మాత్రం చేయగలమంది. నీళ్ళు మొత్తం తీసేసి, ఆ రెండు పొరల మధ్య మెత్తటి పొడి పోస్తారు. టాల్క్. ఆ పొడికి పొరలు ఒరుసుకుని శాశ్వతంగా అతుక్కుపోతాయి. ఇక నీళ్ళకు చోటుండదు. "ఎన్నాళ్ళుంటారో నేను చెప్పలేను. ఉన్నన్నాళ్ళు పడుకుని నిద్రపోతారు. ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది, అప్పుడిది కుదరదు. ఇంట్లో వాళ్ళకు మీరే చెప్పాలి. లోపల పక్కన కూడా మీరే ఉండండి, మీ నాన్నగారికి అదే ధైర్యం" అంది.

దాని పేరు ప్లూరోడెసిస్. డెసిస్ అంటే కట్టడం. పక్కను కట్టడం. గ్రీకులు చనిపోయి ఎంతకాలమైందో కానీ, వాళ్ళు మా ఇంటి విషయాల్లో ఇంతగా తలదూరుస్తారని అనుకోలేదు.

మార్చి 5

ఇంట్లో మహాసభ. అధ్యక్షత అవ్వ. నేను సైన్సు పక్షాన గోడ మీద బొగ్గుతో బొమ్మ గీసి మరీ వాదించాను. ఇంత బాగా క్లాసులో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"పొడి పోస్తారా? ఏ పొడి?" అంది అమ్మ.

"పౌడరే అమ్మా. ముఖానికి పూసుకునేదుంది గదా, ఆ జాతిదే. శుద్ధి చేసింది."

అవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "నెంజు లోపలికి పౌడరా! వానికేమన్నా పెండ్లి చూపులా?"

నాయిన నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయి దగ్గయింది.

"నాకు అదంతా వద్దు" అన్నాడు ఆయన చివరికి.

"వద్దంటే ఎట్ల?" అంది అమ్మ. "ఆ పొద్దు నీళ్ళు తీసినాక ఎంత బాగుండె! పరోటా తిన్యావు గదా!"

అమ్మ పోదామంటుంది. నాయిన వద్దంటాడు. ఇలా తెగనప్పుడు మా వాళ్ళు చేసేది ఒకటే, మారియమ్మను పూలు అడగడం. తెల్ల గన్నేరు ఒక పొట్లంలో, ఎర్ర గన్నేరు ఒక పొట్లంలో, రెండూ ఒకేలా ఆకుల్లో కట్టి అమ్మవారి కాళ్ళ దగ్గర పెడతారు. ఒకటి తీస్తారు. తెలుపు వస్తే చెయ్యమని, ఎరుపు వస్తే వద్దని. రెండో పొట్లం విప్పకూడదు, నీళ్ళలో వదిలెయ్యాలి. మా చిన్నాయన కువైట్ పోకుండా ఆగిపోయింది, మా అమ్మకు నేను పుట్టేముందు ఆపరేషన్ జరిగింది ఈ పూల మాట మీదే. అమ్మవారు చెప్పాక ఇంట్లో మళ్ళీ ఎవరూ నోరెత్తరు. నాయిన కూడా.

"శుక్రవారం పూలడుగుదాం" అంది అవ్వ.

నేను గంటసేపు ఉపన్యసించాను. ఊపిరితిత్తికి గన్నేరుపూలతో ఏం సంబంధమని, ఇది ఏ శతాబ్దమని, నేను చదివిన చదువంతా మట్టిలో కలిసిందని. అవ్వ శ్రద్ధగా విని, చివర్లో అంది.

"సరి, పొట్లాలు నువ్వే కట్టు."

"నేనా? నేను నమ్మనే!"

"అందుకే. నమ్మేవాని చెయ్యి ఇట్లో అట్లో వంగుతాది. నీకు మారియమ్మ లేదు గదా, నీ చెయ్యి నేరుగా ఉంటాది."

న్యాయశాస్త్రంలో కూడా అవ్వకు ఒక కిరీటం.

మార్చి 7, శుక్రవారం

ఎర్ర పూలు వచ్చాయి.

అవ్వ కళ్ళు మూసుకుని తీసింది. అమ్మ విప్పి చూసి అక్కడే కూర్చుండిపోయింది. నాయిన కళ్ళకద్దుకున్నాడు. రెండో పొట్లం నేనే తీసుకున్నాను. పారే నీళ్ళలో వెయ్యాలట. కోవిల్పట్టిలో పారే నీళ్ళేమిటి! నాయిన మంచం పట్టినప్పటినుంచీ షెడ్డు పక్కన నిలిచిపోయిన లారీ ఎక్కి, ట్యాంకు మూత తీసి, అడుగున మిగిలిన కాసిని నీళ్ళలోకి వేశాను. పారే నీళ్ళు కాకపోయినా, ఒకప్పుడు పారినవే.

మార్చి 8

కోపం. ఈరోజు రాసేదంతా కోపమే. ఒక మనిషి ఊపిరిని ఆకులో కట్టి రాతిబొమ్మ కాళ్ళ దగ్గర పెట్టే జనం మధ్య నేను పుట్టాను. సీలోమ్ గురించి నాకు తెలుసు, వానపాములో ఎలా ఉంటుందో, బొద్దింకలో ఎలా ఉంటుందో తెలుసు, మనిషిలో అది మూడు గదులుగా ఎలా విడిపోతుందో, గుండెకు ఒకటి, పేగులకు ఒకటి, ఊపిరితిత్తులకు ఒకటి, తెలుసు. ఏం లాభం? రెండు గుప్పెళ్ళ పూలు తీర్పు చెప్పేశాయి. ఈ ఊరు, ఈ నల్లమట్టి, ఈ ఎండ, ఈ ఎండ ఉన్నంతకాలం వీళ్ళు బాగుపడరు. నేను చెప్పాను. గోడ మీద బొమ్మ గీసి చెప్పాను. ఆ బొమ్మ ఇంకా ఉంది. ఎవరూ తుడవలేదు. నేను చెప్పలేదని ఎవరూ అనలేరు.

మార్చి 9

నేను చెప్పాను.

మార్చి 14

డాక్టర్ సంగవి ఫోన్ చేసింది. ఇంట్లో ఒప్పుకోలేదని చెప్పాను. "మీరు గట్టిగా చెప్పారా?" అంది. చెప్పానన్నాను. "అయితే కనీసం నీళ్ళు తీయించుకోవడానికైనా తీసుకురండి" అంది. సరే అన్నాను. బస్సులో అంత దూరం, ఈ ఎండలో.

మార్చి 22

ఎండ తగ్గాక తీసుకెళతాను.

మార్చి 26

క్లాసులో థొరాక్స్ అంటే గ్రీకులో యుద్ధంలో తొడుక్కునే కవచమని చెప్పాను. లాటిన్‌లో వెంట్రికిల్ అంటే చిన్న పొట్ట అని, ఏట్రియం అంటే ఇంటి ముంగిలి అని. పేర్లు పెట్టినవాళ్ళు ఇల్లూ, తిండీ, యుద్ధమూ తప్ప వేరే చూసినట్టు లేరు. పిల్లలు నవ్వారు. శివరంజని మాత్రం నవ్వకుండా, "సార్, మీకు బాగలేదా?" అని అడిగింది.

ఎండ అన్నాను.

మార్చి 30

మాట్లాడితే మాటకూ మాటకూ మధ్య ఆగుతున్నాడు. అమ్మ ఆయన వెనక కూర్చుని తన వీపును ఆయన వీపుకు ఆనిస్తుంది. గోడ గట్టిగా ఉందట. అలా ఇద్దరూ చెరోవైపు చూస్తూ కూర్చుంటారు.

లారీ అంతోణి చూడటానికొచ్చాడు. నాయిన దగ్గర క్లీనరుగా చేరి డ్రైవరైనవాడు. యజమాని ఇక ఆ బండి అతన్నే తోలమన్నాడట, ఆ సంగతి చెప్పడానికి వచ్చి చెప్పలేక వేరుసెనగల కడలైమిఠాయి పొట్లం మంచం మీద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు.

"బండి తీసుకో అంతోణీ" అన్నాడు నాయిన. "క్లచ్చు... మెల్లగా."

"మీరొచ్చినాక ఇచ్చేస్తాను అన్నా."

"ఆ. నేను వస్తానే... నీళ్ళతోనే వస్తాను."

అంతోణి నవ్వాడు. వాకిలి దాటాక ఏడ్చాడు.

ఏప్రిల్ 2

అమ్మ గుడికి పోయింది. నేను విసనకర్ర పట్టుకుని కూర్చున్నాను. ఫ్యాను గాలి చాలడం లేదట.

"సారూ."

"ఏం నాయినా?"

"మారియమ్మ చెప్పింది... మంచిదేరా."

నేను విసురుతూనే ఉన్నాను.

"ఆ సూది... నాకేం నొప్పి లేదు. నీకే..." ఆగాడు. ఊపిరి కోసం వెతుక్కున్నాడు. "నీకు ఎండ పడదు గదా. నువ్వు పో. నీడలో ఉండు."

పోయాను. నిజంగానే లేచి వాకిట్లోకి పోయాను.

ఏప్రిల్ 6

అయిపోయింది. తెల్లారేటప్పుడు. కూర్చునే.

ఏప్రిల్ 8

మా వాళ్ళలో పూడ్చడమే. నల్లమట్టి ఈ కాలంలో బీటలు వారి ఉంటుంది. గుంట తవ్వేవాళ్ళు గడ్డపారతో కొడుతుంటే పెంకుల్లా లేచింది. నేను అంచున నిలబడి లోపలికి చూశాను.

ఏప్రిల్ 13

అవ్వ దీపం పెట్టడం మానేసింది. నా కళ్ళకు తెలిసినప్పటినుంచీ ఆ గూట్లో దీపం లేని సాయంత్రం లేదు. మారియమ్మ పటాన్ని గోడవైపు తిప్పి పెట్టింది.

"ఏమత్తా ఇది?" అంది అమ్మ, భయపడి.

"నేను అడిగితిని గదా. కళ్ళు మూసుకొని అడిగితిని. నా బిడ్డ ఊపిరికి అల్లాడతాడని ఆమెకు తెల్వదా? తెలిసీ ఎరుపు ఇచ్చెనా? తెల్వకుండా ఇచ్చెనా?" అమ్మ వైపు కాదు, పటం వీపు వైపు చూస్తూ అంది. "ఎట్లయినా నాకు ఆమె వద్దు."

తర్వాత నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వొకడివే నేరుగా చెప్పినావురా. నేనే వినలేదు."

నా తల నిమిరింది. నేను నిమిరించుకున్నాను.

ఏప్రిల్ 15

ఇంట్లో ఒక చోటు ఏర్పడింది. ఇంతకుముందు లేదు. అందరం దాని చుట్టూ నడుస్తున్నాం. దీనికి గ్రీకులు ఏం పేరు పెట్టారో వెతకలేదు.

ఏప్రిల్ 20

అంతోణి వచ్చాడు. లారీ మళ్ళీ రోడ్డెక్కించే ముందు ట్యాంకులో దిగి కడిగాడట.

"తమ్ముడూ సోలైమలై, అడుగున ఏదో ఆకు పొట్లం ఉన్నింది. దారం కట్టింది. పూజదిలా ఉంటే పారేయను దైర్యం చాల్లేదు."

నేను అడిగాను. "ఏ పూలు?"

"పూలా? ఏడ పూలు! చుమ్మా, ఒట్టి బురద. విప్పితే చేతికి నల్లగా అంటింది. రంగూ లేదు, వాసనా లేదు. మా అన్నదేనా?"

"ఆ. నాయినదే. ఎక్కడైనా పాతిపెట్టు."

"సరి" అని వెళ్ళిపోయాడు.

ఇక ఎక్కడా ఏ ఆనవాలూ లేదు. గోడ మీద బొమ్మ మాత్రం ఉంది. ఊపిరితిత్తి, రెండు పొరలు, మధ్యలో నేను నల్లగా నింపిన ఖాళీ. అవ్వ దాన్ని ఎవరినీ తుడవనివ్వడం లేదు. మనవడి చదువట.

అవ్వ ఈ సాయంత్రం కూడా చీకట్లోనే కూర్చుంది. నేను ఒక్క మాట చెబితే ఆ గూట్లో దీపం వెలుగుతుంది. పటం ఇటు తిరుగుతుంది. వాకిట్లోకి మూడుసార్లు వెళ్ళాను చెబుదామని. మూడోసారి అవ్వే అడిగింది, "ఏమిరా, ఆకలేస్తాందా?" అని. అవునన్నాను. లేచి, తడుముకుంటూ వెళ్ళి, అన్నం పెట్టింది. తిన్నాను.

అందుకని ఇక్కడ రాస్తున్నాను, ఈ ఇంట్లో ఎవరూ చదవలేని అక్షరాల్లో. ఆ రోజు ఆస్పత్రి గదిలో ఏసీ ఉంది. చలిగా ఉంది. సీసాలోకి ఎర్రగా దిగుతున్నదాన్ని చూసి నేను నాయిన చేతులు వదిలేసి కింద పడిపోయాను. వీపులో సూది ఉన్న మనిషి నన్ను పట్టుకోబోయి కదిలితే, సూది పట్టుకున్న చిన్న డాక్టరమ్మ అరిచింది. మళ్ళీ ఆ గదిలో, ఆ మంచం పక్కన నేనే నిలబడాలన్నారు. నిలబడలేనని ఎవరికీ చెప్పలేకపోయాను. నాయిన వద్దన్నాడు కాబట్టి ఆయన కోసమే చేశానని రాద్దామని ఇందాకటి నుంచీ చూస్తున్నాను. అది అబద్ధం. ఆయన మాట అప్పుడు నాకు గుర్తు కూడా లేదు.

ఆ శుక్రవారం పెరట్లో తెల్ల గన్నేరు కూడా విరగబూసి ఉంది. దాని జోలికి పోలేదు. రెండు పొట్లాల్లోనూ ఎర్ర పూలే కట్టాను.